కె.సి. కాలువ – హామీ సంతకం

ప్రపంచీకరణ వచ్చాక ప్రభుత్వాల చేతిలో అధికారం మిగిలిందా లేదా అన్న చర్చ పెన్షనర్లు నలుగురు కూడిన చోటల్లా ముప్పై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉంది. "అంతా ప్రపంచ బ్యాంకు చేతిలో ఉంది, మన మంత్రులు చేసేదేముంది" అని ఒకరంటారు. "సర్కారు తలచుకుంటే కానిదేముంది" అని ఇంకొకరంటారు. ఇద్దరూ 1991 నుంచే లెక్క మొదలుపెడతారు. కర్నూలు, కడప జిల్లాల వారికి మాత్రం ఈ లెక్క అక్కడ మొదలు కాదు. విదేశీ పెట్టుబడి రావడం, దానికి సర్కారు హామీ ఉండడం, ఆ హామీ భారం చివరికి రైతు కట్టే శిస్తులో తేలడం, ఇవన్నీ మన ముత్తాతల కాలంలోనే ఇక్కడ జరిగిపోయాయి. సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి, కర్నూలు పట్టణంలో హంద్రీని దాటి, నంద్యాల మీదుగా కడప దాకా పోయే కె.సి. కాలువను చూస్తే చాలు.

కాలువ కథలోకి పోయే ముందు, ఆ కాలువ తవ్విన నేల ఎవరి చేతిలో ఎలా పడిందో చెప్పుకోవాలి. 1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ ఒక ఒడంబడిక కుదిరింది. నిజాం రక్షణకు కంపెనీ సైన్యం ఉంటుంది. ఆ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల రాబడి, రాబడితో పాటు పరిపాలన కూడా కంపెనీకి పోతుంది. ముట్టడి లేదు, యుద్ధం లేదు. ఖర్చుల పద్దు కింద జిల్లాలకు జిల్లాలు చేతులు మారాయి. ఇచ్చివేసిన నేల గనుక దత్త మండలం అన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు సూచించే దాకా ఆ మాటే వాడుకలో ఉండేది.

పుచ్చుకున్నవాడు రాజు కాడు. లండన్‌లో వాటాదారులుండి, వాటాల మీద లాభం పంచే వర్తక సంస్థ. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి, భూములు కొలిపించి, పాలెగాళ్లను అణచి, రైత్వారీ పద్ధతికి గట్టి పునాది వేశాడు. మన్రో మంచివాడని సీమలో పేరు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లుండేవి. ఆ పేరు న్యాయమైనదే. అయితే ఆయన మంచితనం ఒక విషయం, ఆయన వసూలు చేయించిన శిస్తు ఎవరి లెక్కకు చేరిందన్నది ఇంకొక విషయం. కర్నూలు నవాబు మరికొంత కాలం పేష్కష్ కట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. 1839లో ఆయుధాలు పోగు చేశాడన్న అభియోగం మీద ఆ నవాబీ కూడా ముగిసింది.

1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. ఆ రోజుల్లోనే సర్ ఆర్థర్ కాటన్ తుంగభద్ర నీటిని మెట్ట జిల్లాలకు తిప్పే ఆలోచన ముందుకు తెచ్చాడు. అంతకు ముందు గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను సర్కారు డబ్బుతోనే కట్టి, అది ఫలించడం చూపించిన మనిషి ఆయన. కానీ 1857 తిరుగుబాటు తర్వాత సర్కారు ఖజానా వట్టిపోయింది. లండన్‌లో మాత్రం పెట్టుబడికి కొదవ లేదు. రాబడి ఖాయమైన చోటు కోసం ఎదురుచూస్తున్న డబ్బది. అలా మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ రంగంలోకి వచ్చింది. మన ప్రాంతంలో కొందరు ఈ కాలువను డచ్చివారు తవ్వించారని చెబుతారు, కొన్ని అచ్చు కాగితాల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. అది నిజం కాదు. లండన్‌లో ఏర్పడిన ఇంగ్లీషు కంపెనీ అది.

కంపెనీ మూలధనం 10 లక్షల పౌండ్లు, అంటే ఆనాటి మారకంలో దరిదాపు కోటి రూపాయలు. దానిమీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. ఈ హామీ అంటే ఏమిటో మన కచేరీ భాషలో చెప్పుకుందాం. కాలువ మీద వచ్చిన రాబడి ఆ 5 శాతానికి సరిపోతే మంచిదే. సరిపోకపోతే తక్కువైన మొత్తాన్ని సర్కారు తన రెవిన్యూ నుంచి భర్తీ చేస్తుంది. ఒక ఏడాది కాలువ మీద దమ్మిడీ రాకపోతే 50 వేల పౌండ్లు, అంటే సుమారు 5 లక్షల రూపాయలు, సర్కారే ఇచ్చుకోవాలి. ఆ రోజుల్లో రైల్వే కంపెనీలకూ ఇదే షరతు, ఇదే 5 శాతం. నష్టం వచ్చే వీలు లేని వ్యాపారంలో ఖర్చు తగ్గించాలన్న బాధ ఎవరికి ఉంటుంది?

1863లో పని మొదలైంది. ఉన్న డబ్బు మూడేళ్లు తిరక్కుండానే చాలకపోయింది. 1866లో మరో 6 లక్షల పౌండ్లు సమకూరడానికి మళ్లీ సర్కారే అండ నిలవాల్సి వచ్చింది. 1871 నాటికి 190 మైళ్ల కాలువ, ఇప్పటి లెక్కలో 306 కిలోమీటర్లు, కడప చేరింది. సేద్యానికి ఒక్కదానికే కాదు, పడవలు నడపడానికి కూడా అనుకుని లాకులు కట్టారు. సరుకు పడవలు తిరిగితే వచ్చే సుంకం మీద కంపెనీకి పెద్ద ఆశ ఉండేది. ఆ ఆశ నెరవేరలేదు. అదే 1871 నాటికి మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరుకు రైలు పడింది, అదీ సర్కారు హామీ మీదనే. ఒక హామీ పెట్టుబడికి ఇంకొక హామీ పెట్టుబడి పోటీ అన్నమాట. పడవల ప్రయాణాన్ని 1933లో పూర్తిగా మానేశారు.

అసలు దెబ్బ రైతు దగ్గర తగిలింది. నంద్యాల వైపు నల్లరేగడి భూములు జొన్నకు, కొర్రకు, పత్తికి అలవాటు పడినవి. వానలు ఒక మాదిరిగా పడిన ఏడాది ఆ నేలకు కాలువ నీరు అక్కర లేదు. తడి పెట్టుబడి వేరు, పనిముట్లు వేరు, పెట్టే ఎరువు వేరు. ఊరికే నీటి తీరువా ఎందుకు కట్టాలని రైతు వెనక్కు తగ్గాడు. ఇంజనీర్లు దీన్ని రైతు మూర్ఖత్వమని రాసుకున్నారు. నా దృష్టిలో అది మెట్ట రైతు లెక్క, తప్పు లెక్క కూడా కాదు. వాన ముఖం చాటేసిన ఏడాది మాత్రం ప్రతి ఒక్కరికీ నీరు కావాలి. అలాంటి కాలువ మీద ఏడాదికేడాది నిలకడ రాబడి ఎలా వస్తుంది? అయినా లండన్‌లో ఎవరికీ బెంగ లేదు. కాలువలో నీరు పారినా పారకపోయినా అక్కడ వడ్డీ పారుతూనే ఉంది. దానికి తోడు 1873 తర్వాత ప్రపంచంలో వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గడంతో, పౌండ్లలో ఇవ్వాల్సిన మాటకు ఇక్కడ ఎక్కువ రూపాయలు పోగు చేయాల్సి వచ్చింది. వెండి ధర ఏ దేశం గనుల వల్ల పడిందో కోవెలకుంట్ల రైతుకు తెలియదు. ఆ బరువు మాత్రం అతని మీదా పడింది.

ఇంతలో ధాత కరువు వచ్చింది. 1876లో వానలు పోయాయి. ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు రెండూ కలిసి మన పల్లెలను ఊడ్చిపెట్టాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తరిగిపోయింది. కడప, బళ్ళారి జిల్లాలదీ ఇంచుమించు అదే కథ. కొందరు వలస పోయి ఉండవచ్చు, ఎక్కువ మంది చచ్చిపోయారు.

ఆ సమయంలో సర్కారు ఏం చేసిందన్నది మన చర్చకు ఆయువుపట్టు. మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ తన బాధ్యతగా కొంత ధాన్యం కొనిపించాడు. ఆ సంగతి తెలిసి వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం తప్పుపట్టింది. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టరాదు, ధర పెరిగితే సరుకు దానంతట అదే వస్తుంది అన్నది వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం రాజ్యమేలుతున్న రోజుల్లోనే దేశం నుంచి గోధుమ ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉంది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చి, ఖర్చు తగ్గించే పేరుతో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్ది చిల్లరకు కుదించాడు. ఒక పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు గాని కూలి పెరగలేదు.

ప్రపంచ వ్యాపారం ముందు ఆ ప్రభుత్వం బలహీనమైనదా? ఓడలో పోయే ధాన్యాన్ని ఆపడానికి చేతులు రాలేదు గనుక బలహీనమే అనాలి. కాని అదే ప్రభుత్వం లక్షల మంది కూలీలను తూకం వేసిన తిండితో పనిలో నిలపగలిగింది. అదే ప్రభుత్వం లండన్ వాటాదారుకు వడ్డీ పంపడం ఒక్క ఏడాది కూడా ఆపలేదు. చేతకానితనం, చేవ రెండూ ఒకే కచేరీలో పక్కపక్క బల్లల మీద ఉన్నాయి. ఏ ముఖం చూసి ఏది బయటికి తీసిందన్నదే ప్రశ్న. అందువల్ల అధికారం తగ్గిందా పెరిగిందా అని మొత్తంగా తూచడం కంటే, ఎవరి ముందు తగ్గింది, ఎవరి మీద పెరిగింది అని విడివిడిగా అడగడమే సరైనదని నాకు తోస్తుంది.

ఆ కరువులో కాలువ నీరందిన ఊళ్లకు దాని విలువ తెలిసివచ్చింది. కంపెనీ మాత్రం తేరుకోలేదు. 1882లో సర్కారే కాలువను కొనేసింది. అన్నీ కలిపి ఖాతాకెక్కిన మొత్తం మూడు కోట్ల రూపాయల పైచిలుకు. కోటితో అవుతుందన్న పనికి మూడు కోట్లు. అలా కె.సి. కాలువ ప్రజల ఆస్తి అయింది. ఒడిశాలో హామీ లేకుండా కాలువలు తవ్వబోయిన ఇంకొక ఇంగ్లీషు కంపెనీ కూడా నిలవలేకపోయింది, దాన్ని సర్కారు అంతకు ముందే కొనుక్కుంది. లాభం వస్తే వాటాదారుకు, నష్టం వస్తే సర్కారుకు అన్నది అప్పుడే స్థిరపడిన ఆచారం.

అదే 1882లో ఇంకొక దేశంలో జరిగింది చూడండి. ఈజిప్టు పాలకుడు ఖదీవ్ ఇస్మాయిల్ సూయజ్ కాలువ కోసమూ, దానితో పాటు మరెన్నో హంగుల కోసమూ యూరపు బ్యాంకుల దగ్గర అప్పులు చేశాడు. 1875లో కాలువ వాటాలు ఇంగ్లండుకు అమ్ముకున్నాడు. 1876లో అప్పులవాళ్ల కమిషను వచ్చి అతని ఖజానా మీద కూర్చుంది. 1882లో ఇంగ్లీషు సైన్యమే దిగింది. సొంత రాజున్న దేశానికి అప్పుల వల్ల రాజ్యం పోయింది. మనకు అప్పటికే సొంత రాజు లేడు గనుక పోవడానికి రాజ్యం లేదు, పోయింది శిస్తు డబ్బు మాత్రమే. అంత దూరం ఎందుకు, మన జిల్లాలోని బనగానపల్లె సంస్థానాన్నే తీసుకోండి. ఆర్థిక ఇబ్బందుల కారణంగా మద్రాసు సర్కారు దాని పాలనను 1832 నుంచి 1848 వరకు ఒకసారి, 1905లో కొన్ని నెలలు ఇంకోసారి తన చేతిలోకి తీసుకుంది. మామిడిపండుకు పేరుపడ్డ బనగానపల్లె మనకొక బుల్లి ఈజిప్టు.

సంతకం లేకుండానే పోయిన సంగతి కూడా ఒకటుంది, కడప నీలిమందు. ఆ రోజుల్లో కడప జిల్లాలో నీలి సాగు విస్తారంగా ఉండేది, నీలి తొట్లు లేని ఊళ్లు తక్కువ. 1897లో జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయనాలతో చేసిన నీలిని బజారులో పెట్టింది. పది పదిహేనేళ్లలో మన నీలి చితికిపోయింది. 1914-18 యుద్ధంలో జర్మనీ సరుకు రాక కొద్దిగా ఊపిరి పీల్చుకున్నా అది నిలవలేదు. సగం ప్రపంచాన్ని ఏలుతున్న సర్కారు తన రైతు పంటను ఒక ప్రయోగశాల నుంచి కాపాడలేకపోయింది. కాపాడాలని అనుకోలేదు అని కూడా చదువుకోవచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత నలభై ఏళ్లు పద్ధతి మారింది. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయింది. అదే ఏడాది అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. దిగుమతికి లైసెన్సు, పరిశ్రమకు లైసెన్సు, సిమెంటుకు పర్మిటు. ఆ కాలంలో ఉద్యోగం చేసిన మనందరికీ దాని మంచీ తెలుసు, జాప్యమూ తెలుసు. దాన్ని గురించి మన సంచికల్లో చాలామంది రాశారు గనుక ఇక్కడ ఆగను.

1991 జులైలో విదేశీ మారకం అడుగంటి, రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ల దగ్గర కుదువ పెట్టింది. ఆ నెల 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ఆ సంస్కరణలకు సంతకం పెట్టిన ప్రధాని పి.వి. నరసింహారావు గారు నవంబరులో లోక్‌సభకు ఎన్నికైంది ఎక్కడి నుంచో చెప్పనక్కరలేదు. కె.సి. కాలువ నడిబొడ్డున ఉన్న నంద్యాల నుంచి, దేశం విస్తుపోయే మెజారిటీతో.

తర్వాత గాట్ ఒప్పందం. 1994 ఏప్రిల్ 15న మరాకెష్‌లో సంతకాలు, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ. ఆ సంవత్సరాల్లోనే పామోలిన్‌ను, ఇతర వంట నూనెలను స్వేచ్ఛా దిగుమతి జాబితాలో చేర్చారు. మొదట 65 శాతం ఉన్న సుంకం 1998 నాటికి 15 శాతానికి దిగింది. మలేషియా, ఇండోనేషియా పామాయిలు ముందు ఆదోని వేరుశనగ నూనె గానుగలు నిలవలేకపోయాయి. అందరూ గాట్‌ను తిట్టారు, నిజానికి కొంత తిట్టాల్సిందే. కానీ ఆ దస్తావేజును ఫైలు చదివినట్టు చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. పామాయిలు మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కును భారతదేశం అందులో అట్టిపెట్టుకుంది. 15 శాతం వేసింది మరాకెష్ కాదు, ఢిల్లీ. పట్టణంలో వంట నూనె ధర పెరగకూడదు, మెట్టలో రైతు ఏమైనా పర్వాలేదు అన్న నిర్ణయం మన సొంతది. కావాలనుకున్నప్పుడు సర్కారుకు చేవ రాకపోలేదు. 2018 మార్చిలో ముడి పామాయిలు మీద సుంకాన్ని 44 శాతానికి పెంచింది. అప్పటికి మన వైపు గానుగలు ఎన్ని మిగిలాయన్నది వేరే మాట.

మళ్లీ కాలువ దగ్గరికి వద్దాం. సుమారు 2,65,000 ఎకరాల ఆయకట్టుతో కె.సి. కాలువ శిథిలమై, గట్లు జారి, చివరి ఊళ్లకు నీరందని స్థితికి వచ్చింది. దాని ఆధునికీకరణకు 1996 జనవరిలో జపాన్ విదేశీ ఆర్థిక సహకార నిధితో ఒప్పందం కుదిరింది. మొత్తం సుమారు 1,600 కోట్ల యెన్లు. మొదట లండన్ డబ్బుతో తవ్విన కాలువ, నూటముప్పై ఏళ్లకు టోక్యో డబ్బుతో మరమ్మతు. రెండూ ఒకటే అని కొందరు తేల్చేస్తారు, నేను ఒప్పుకోను. జపాన్ అప్పుకు వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. కాలువ యాజమాన్యం మన సర్కారు చేతిలోనే ఉంది. అప్పు కేంద్రం ద్వారా వచ్చింది. ఆలస్యమైనా కాలువకు లైనింగు పడింది.

అయితే ఆ మూడు నాలుగేళ్లలో వచ్చిన మార్పులన్నీ ఇంత మెత్తగా లేవు. 1997లో నీటి తీరువాను మొదటి తడి పంటకు ఎకరాకు 60 నుంచి 200 రూపాయలకు పెంచారు. అదే ఏడాది సాగునీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు నీటిపారుదల అప్పు వెనకాల ఉన్నదని అందరికీ తెలుసు. డిమాండు రిజిస్టర్లు దిద్దిన వారికి ఆ ఏడాది గుర్తుండే ఉంటుంది, పాత బకాయి ఒక వరస, కొత్త రేటు ఇంకొక వరస. పంచాంగం చూసుకునే వారికి ఒక ముచ్చట చెబుతాను. రెండు అరవైలు తిరిగి, 1996-97 ధాత నామ సంవత్సరం, 1997-98 ఈశ్వర.

1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు 54 కోట్ల డాలర్లకు పైగా అప్పు మంజూరు చేసింది. ఆ ఏడాదే విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో చార్జీలు పెరిగి ఉద్యమం లేచింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పు ఇచ్చినవాడి షరతు ముందు ఒదిగిన ప్రభుత్వం, వీధిలోకి వచ్చినవాడి ముందు మాత్రం ఒదగలేదు. నేను పైన చెప్పిన ధాత కరువు నాటి కొలత ఇక్కడా సరిపోతుంది.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆ కొలత తారుమారైన సంగతి కూడా రాయాలి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే, కడప జిల్లా పులివెందుల నుంచి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. ప్రపంచ బ్యాంకు చెబుతూ వచ్చిన దానికి ఇది సూటిగా ఎదురు. ఆకాశం విరిగి పడలేదు. అప్పులు ఆగిపోలేదు. ఆ ఖర్చు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, బోర్ల కింద భూగర్భ జలం ఏమైందన్నదీ చర్చించాల్సిందే. కానీ రాష్ట్ర ప్రభుత్వానికి చేతులు లేవన్న మాట మాత్రం ఆ రోజు తప్పని తేలింది. ఓటు వేసినవాడికి భయపడిన ప్రభుత్వానికి చేతులు వాటంతట అవే వచ్చాయి.

అదే ప్రభుత్వం, అదే 2004లో ఇంకొక సంతకం చేసింది. అది మన ఇళ్లలోకి వచ్చిన సంతకం. సెప్టెంబరు 22 నాటి జీవో ఎం.ఎస్. నం. 653 ప్రకారం, ఆ నెల 1వ తేదీ నుంచి కొత్తగా చేరిన ఉద్యోగులకు పాత పెన్షను లేదు. జీతంలో 10 శాతం ఉద్యోగి, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తే, ఆ డబ్బు ఫండు మేనేజర్ల ద్వారా బాండ్లలో, కొంత షేర్లలో తిరుగుతుంది. ఇంతని ఎవరూ మాట ఇవ్వరు. కేంద్రంలో ఈ పద్ధతి అంతకు ముందే జనవరి 1 నుంచి మొదలైంది. చిలీ దేశం 1981లో మొదలుపెట్టిన దారి ఇది. 1994లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో పెన్షన్లలో కొంత భాగాన్ని బజారుకు ముడిపెట్టమని అన్ని దేశాలకూ సలహా ఇచ్చింది. పెన్షను దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు వచ్చిన హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో తేల్చింది 1982 డిసెంబరు 17న. సర్కారు కె.సి. కాలువను కొన్నదానికి సరిగ్గా నూరేళ్లకు. 5 శాతం హామీ లండన్ వాటాదారుకు దొరికింది, ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసిన మన పిల్లవాడికి దొరకలేదు.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. 2022లో రాజస్థాన్, ఆ వెనక మరికొన్ని రాష్ట్రాలు పాత పెన్షనుకు తిరిగి వెళతామని నిర్ణయించాయి. అప్పటిదాకా జమ అయిన సొమ్ము వెనక్కు ఇవ్వమంటే, చట్టంలో అందుకు వీలు లేదని కేంద్రం చెప్పింది. నిర్ణయం తీసుకునే అధికారం రాష్ట్రానికి ఉంది, డబ్బు మాత్రం చేతిలో లేదు. మన రాష్ట్రంలో 2023లో హామీ పెన్షను చట్టం చేశారు. చివరి మూల వేతనంలో సగానికి హామీ అన్నది అందులో ముఖ్యమైన మాట. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పెన్షను పథకం తెచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి హామీ అన్న మాట మళ్లీ ఉద్యోగి దగ్గరికి రాక తప్పలేదు. పాత పెన్షనుతో ఇది సమానం కాదని ఉద్యోగ సంఘాలు అంటున్నది సరైన మాటే. అయినా ఈ మార్పు ఏ అంతర్జాతీయ సంస్థా ఇచ్చింది కాదు, ఉద్యోగులు రోడ్డెక్కి తెచ్చుకున్నది.

హామీ పాత దారిని కూడా వదల్లేదు. పాత కడప జిల్లాలోని మంగంపేటలో ప్రపంచంలోనే పేరుపడ్డ ముగ్గురాయి గనులున్నాయి. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ పొడి కావాలి గనుక, గల్ఫులో, అమెరికాలో బావుల తవ్వకం తగ్గితే ఓబులవారిపల్లెలో లారీలు ఆగుతాయి. ఆ గనులు నడిపే రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ 2025లో సుమారు 9,000 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది, 9 శాతానికి పైగా వడ్డీ, రాష్ట్ర ప్రభుత్వ హామీ. సంస్థ చెల్లించలేకపోతే రిజర్వు బ్యాంకులో ఉన్న రాష్ట్ర ఖాతా నుంచే బాండ్ల వారికి నేరుగా సొమ్ము పోయే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఇది హైకోర్టు దాకా వెళ్లింది. శాసనసభ ఒప్పుకున్న పద్దు లేనిదే ఖజానా నుంచి పైసా కదలరాదని ట్రెజరీ బల్లల దగ్గర నేర్చుకున్న మనకు ఇది మింగుడుపడదు. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇటువంటి షరతుల మీద అప్పులు చేయడం ఒక పార్టీకి పరిమితమైన అలవాటూ కాదు. 1860ల నాటి కాలువ హామీలో కూడా వాటాదారుకు ఇంత సూటి దారి లేదు, లండన్‌లో ఒక సెక్రటరీ ఆఫ్ స్టేట్ కచేరీ అయినా దాటాలి.

ఈ వరసలో జీతం బిల్లు ఎక్కడ, పెన్షను ఎక్కడ, బాండ్ల వడ్డీ ఎక్కడ నిలుస్తాయో చూస్తూ ఉండాలి. ఒకటో తేదీన డబ్బు తక్కువైనప్పుడు ఎవరిది ముందు తీరుస్తారు, ఎవరిని ఆగమంటారు అన్నదాన్ని బట్టే ఏ ప్రభుత్వ అధికారమైనా తెలుస్తుంది. ఇంట్లో 2004 తర్వాత ఉద్యోగంలో చేరిన కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఉన్నవారు ఈ పండక్కి వాళ్లు వచ్చినప్పుడు ప్రాన్ ఖాతా స్టేట్‌మెంటు ఒకసారి తీయించండి. జీతం నుంచి కోసిన 10 శాతం ఏ నెలకు ఆ నెల జమ అయిందా, ప్రభుత్వం వాటా దాని పక్కనే పడిందా, పడకపోతే ఎన్ని నెలలది ఆగిందో ఒక కాగితం మీద రాయించి, డి.డి.ఓ.కు రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి. నకలు మీద రసీదు ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు.